విహారమును సేవయును

ఇచ్చువాడెవడు, పుచ్చుకొనువాడెవడు అను ప్రశ్న పైకి మిక్కిలి సులభముగ కనబడును. కాని విచారించినకొలదియు అది చిక్కుపడుచుండును. దాతవలె నిలిచినవాడు లోలోపల యాచకుడై యుండుటయు, చేయి చాచినట్లున్నవాడే నిజమునకు దాతయై యుండుటయు లోకమున అరుదు కాదు. నేటి కలవారి బిడ్డలు వేసవిసెలవులలో చేయుచున్న ఒక తెఱగు విదేశయాత్రయందు ఈ చిక్కు స్పష్టముగ గోచరించుచున్నది గావున దానినిగూర్చి కొంత విచారింప దలచితిమి.

ఆ యాత్ర స్వరూపమిది. అమెరికా మొదలగు దేశములలో ఉన్నతపాఠశాలలయందు చదువు పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్ల ప్రాయమువారిని కొన్ని సంస్థలు రుసుము పుచ్చుకొని, కోస్టారికా, పెరూ, టాంజానియా, నేపాళము వంటి దేశములకు రెండుమూడు వారములపాటు గొనిపోవును. కొన్ని దినములు పల్లెలో ఇటుకలు మోయుట, బడిగోడకు రంగు వేయుట, పసివారికి ఆంగ్లము చెప్పుట. తక్కిన దినములు కొండలెక్కుట, వడిగల నదులలో రబ్బరుపడవలపై పోవుట, అడవులలో విహరించుట. ఈ రెంటిని కలిపి సేవాయాత్ర యనుచున్నారు. కళాశాలలో ప్రవేశమునకు పంపుకొను దరఖాస్తులో ఇది యొక యోగ్యతగ నుండునని తలిదండ్రుల యాశ. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారికిని ఈ యాశ లేకపోలేదు. ఇచట హైదరాబాదు వంటి నగరములలో ఐ.బి. డిప్లొమా చదువు విద్యార్థులకు సేవ చదువులో భాగముగనే విధింపబడియున్నది. కావున ఇది పరుల గొడవ యని మనము ఉపేక్షింపరాదు.

యాత్రలయెడ మాకు ద్వేషము లేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము విడిచి కాశికి పోయి, 1831లో మరలివచ్చి, దారిపొడుగున తాము చూచిన ఊళ్లను, జనుల నడవడిని గ్రంథముగ మనకు మిగిల్చిరి. చూచుటయు, నేర్చుటయు మనుష్యుని పెద్దవానిని జేయును. పదునారేండ్ల బాలిక కొండయెక్కి తన ధైర్యమును పరీక్షించుకొనినచో అదియు మేలే. విహారమును విహారమని పిలిచినంతవరకు అందు దోషము లేదు. దానికి సేవయను పేరు పెట్టినప్పుడే ధర్మవిచారము అవసరమగుచున్నది.

భగవద్గీత పదునేడవ యధ్యాయమున దానము మూడువిధములుగ విభజింపబడినది. దేశకాలపాత్రములను చూచి, మరల ఏమియు కోరక యిచ్చునది సాత్త్వికము. ప్రత్యుపకారమాశించి యిచ్చునది రాజసము. దరఖాస్తులో ఒక పంక్తికొఱకును, పదిమందికి చూపదగిన ఛాయాపటముకొఱకును చేసిన సేవ ఏ తరగతిలో చేరునో వేరుగ చెప్పనక్కరలేదు. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. మనము పుచ్చుకొనువాని పాత్రతను విచారింతుముగాని యిచ్చువాని పాత్రతను విచారింపము. తాపీ చేతబట్టి యెరుగని బాలునిచేత వాని స్వగ్రామమున ఎవరును గోడ పెట్టించుకొనరు. పరదేశపు బడిపిల్లలకు మాత్రము ఆ గోడ ఏల చాలవలెను? ఆ యూర తాపీమేస్త్రి లేడా? బాలుని విమానపు ఖర్చులో కొంత ఆ మేస్త్రికి కూలిగ నిచ్చినచో గోడయు గట్టిగ లేచును. వాని యింట పొయ్యియు రాజును.

మెక్సికోలోని కుయెర్నవాకాలో విద్యాకేంద్రమును నడపిన ఐవాన్ ఇలిచ్ అను మతాచార్యుడు 1968లో ఈ మాటనే మొగమోటము లేక చెప్పెను. వేసవిలో మెక్సికో పల్లెలకు సేవకై పోదలచిన అమెరికా విద్యార్థుల సభలో ఆతడు మాటాడుచు, మీరు చూచుటకు రండు, చదువుటకు రండు, కొండలెక్కుటకు రండు, ఉపకారము చేయుటకు మాత్రము రావలదను భావమును వెల్లడించెను. మీ సద్బుద్ధిని శంకింపను గాని, భాష రానిచోట మీ తప్పును మీకు తెలియజెప్పువారుండరని ఆతని వాదము.

సద్బుద్ధి యొక్కటియే చాలదనుటకు కంబోడియా అనాథశరణాలయముల కథ కఠినమైన నిదర్శనము. 2005లో ఆ దేశమున 154గ నున్న యిట్టి ఆలయములు 2010 నాటికి 269 అయ్యెను. తలిదండ్రులు లేని పిల్లలు అంతగా పెరుగుటచే గాదు. అచటి బిడ్డలలో నాలుగింట మూడువంతులవారికి తల్లియో తండ్రియో జీవించియే యున్నట్లు తేలినది. చూడవచ్చు విదేశీయుల దయయు, వారి ధనమును ఆ యాలయముల వృద్ధికి దోహదమయ్యెను. లాలించుటకు వచ్చినవారు పదునైదు దినములలో వెడలిపోవుదురు, మరియొకరు వత్తురు. ప్రతి మమకారమును విడిపోవుటతో ముగియుటయే ఆ శిశువు నేర్చుకొను పాఠము. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ యిట్టి సేవాయాత్రలవలన కలుగు కీడును పేర్కొని తీర్మానించెను. ప్రేమచే బయలుదేరిన బాలుడు బిడ్డను తల్లినుండి వేరుచేయు వర్తకమునకు తెలియకయే పెట్టుబడి యగుచున్నాడు.

అట్లయిన పరదేశమున సేవయే కూడదా యని యడుగవచ్చును. మా యభిప్రాయమది కాదు. స్విట్జర్లండు దేశీయుడగు పియేర్ సెరెసోల్ మొదటి మహాయుద్ధానంతరము 1920లో ఫ్రాన్సునందలి వెర్డూన్ చెంత శిథిలమైన యొక పల్లెను బాగుచేయుటకు కొందరు మిత్రులతో చేరెను. వారిలో జర్మనులును ఉండిరి. శత్రుదేశమువారు పలుగుపారలతో వచ్చుటయే ఆ సేవకు ప్రాణము. ఆతడే 1934 జనవరిలో బీహారమున మహాభూకంపము వచ్చినపిమ్మట ఇచటికి వచ్చి, ఊళ్లు మరల నిలుపుటకు జనులతో గలసి పాటుపడెను. ఆతడు ఇంజనీరు, పని తెలిసినవాడు. ఇక లేబ్రాయమువారికి తగిన పనులును లేకపోలేదు. కోస్టారికాలోని టోర్టుగేరో తీరమున రాత్రివేళ గట్టెక్కి గ్రుడ్లు పెట్టు సముద్రపు తాబేళ్లను శాస్త్రజ్ఞులు 1950వ దశకమునుండి గమనించుచున్నారు. తెల్లని దీపము లేక, సద్దు చేయక, ఇసుకలో క్రోసులకొలది నడచుచు లెక్కపెట్టువారు అచట అవసరము. ఆ పనికి ఓపికగల కాళ్లును, చెప్పినమాట వినెడి చెవులును చాలును. అచట బాలుడు శాస్త్రజ్ఞుని చేతిక్రింద నుండును. ఉద్ధారకుడనను భ్రమ వానికి కలుగదు. సైన్యమునే 1948లో రద్దుచేసిన ఆ చిన్నదేశము వానికి నేర్పదగినది చాల కలదు.

కావున బిడ్డను పంపదలచిన తలిదండ్రులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పని కావలెనని యడిగినది ఆ యూరివారా, మన రుసుము గైకొన్న సంస్థయా? మన బిడ్డ పోనిచో ఆ పని నిలిచిపోవునా, లేక మరియొకని కూలి నిలుచునా? బిడ్డ మరలివచ్చిన పిమ్మట ఆ పనికి బాధ్యులెవరు?

నాలుగవ ప్రశ్న యొకటి మన యిండ్లకే చెందినది. నేపాళపు పల్లెలో అంట్లు తోమి వచ్చితినని చెప్పుకొను బాలుడు తన యింట తిన్న కంచమును తానెత్తుచున్నాడా? తన యింటి అంట్లు తోము మనిషికి ఎందరు బిడ్డలో, వారు బడికి పోవుచున్నారో లేదో వానికి తెలియునా? ఇంటిలోని శ్రమజీవిని కన్నెత్తి చూడని దయ సముద్రములు దాటినంతమాత్రమున దయ కాజాలదు. దూరమున నున్నవానిని ప్రేమించుట సులభము. వాడు మరునాడు మన గుమ్మమునకు వచ్చి జీతము పెంచుమని యడుగడు గదా!

యాత్రలు సాగుగాక, బిడ్డలు లోకమును చూతురుగాక. అయితే పోవునప్పుడే వారికి సత్యము చెప్పి పంపవలెను: నీవు ఇచ్చుటకు గాదు, పుచ్చుకొనుటకు పోవుచున్నావు, నీకు చోటిచ్చి, అన్నము పెట్టి, తమ బ్రదుకును చూపువారు నీకు గురువులు, మనము చెల్లించు రుసుము గురుదక్షిణయే గాని దానము గాదు. ఆ దక్షిణ ఆ పల్లెకు ఎంత చేరుచున్నదో విచారించుట మా బాధ్యత. వినయముతో నేర్చుకొనుట నీ బాధ్యత. ఇట్లు పోయివచ్చిన బాలుడు ఏనాటికైన నిజమైన సేవకు అర్హుడగును.