కోపం సరే, ఎవరి మీద?



జ్ఞానోపదేశ తరగతిలో ఏడు మూలపాపాలు అప్పజెప్పమంటే పిల్లలు గర్వం మొదలుకొని సోమరితనం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. ఆ ఏడింటిలో కోపం ఒకటి. అందుకే కాబోలు, ఆసుపత్రి కాగితాలు చేత పట్టుకొని వచ్చే వారిలో చాలామంది "పాపమని తెలుసు ఫాదర్ గారూ, కాని కోపం ఆగడం లేదు" అని ముందుగా ఒక మాట అనేసి, ఆ తరువాతే అసలు సంగతి మొదలుపెడతారు. ఆ కోపం నిజంగా పాపమేనా? ఈ వారం దానిని గురించి ఆలోచిద్దాం.

ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఊరు, పేరు, కంపెనీ మనకు అవసరం లేదు. ఆయన తాపీమేస్త్రీ. నాలుగేళ్ళుగా ఏటేటా అప్పో సప్పో చేసి ఆరోగ్య బీమా ప్రీమియం కట్టారు. గుండెనొప్పి వచ్చింది, స్టెంటు వేశారు. ఆసుపత్రిలో చేరిన రాత్రి డ్యూటీ డాక్టరు "బీపీ ఉందా?" అని అడిగితే, కంగారులో ఉన్న ఇల్లాలు "ఎప్పట్నించో ఉందండి" అన్నది. కాగితం మీద "పదేళ్ళుగా" అని పడింది. ఆ ఒక్క మాట చూపించి, జబ్బు దాచి పాలసీ తీసుకున్నారు గనుక పైసా ఇవ్వలేమని కంపెనీ వారు ఉత్తరం రాశారు. దరఖాస్తు నింపినది ఏజెంటు. గళ్ళన్నింటిలో "లేదు" అని టిక్కులు కొట్టి, సంతకం పెట్టించుకొని వెళ్ళిపోయాడు. అది ఇంగ్లీషులో ఉన్నది. మేస్త్రీ చదవలేదు, చదవలేడు కూడా.

తప్పు ఎవరిదంటారు? ఏజెంటును అడిగితే తనకు నెలవారీ టార్గెట్టు ఉందంటాడు. డాక్టరు విన్నది రాశానంటాడు. ఉత్తరం మీద సంతకం చేసిన అధికారి రోగి ముఖమే చూడలేదు. నిబంధన చూశాడు, అంతే. ప్రతివాడూ తన చిన్న పని తాను చేశాడు. చివరకు ఒక కుటుంబం ఇల్లు తాకట్టు పెట్టింది. పనిని ముక్కలుగా పంచుకున్నప్పుడు పాపం కూడా ముక్కలై, ఎవరి వాటా వారి కంటికి ఆనకుండా పోతుంది. 1987లో రెండవ జాన్ పాల్ పాపు గారు తమ విశ్వలేఖలో "పాప నిర్మాణాలు" అన్నది ఇటువంటి వాటినే. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. ఆ నిర్మాణాల వేళ్ళు మనుషులు చేసే పనులలోనే ఉన్నాయని కూడా అన్నారు. అంటే "వ్యవస్థ అలా ఉంది" అనే మాటతో ఏ ఒక్కరూ చేతులు కడుక్కోవడానికి వీల్లేదు.

ఇక కోపం విషయానికి వద్దాం. సెమినరీలో మాకు తత్వశాస్త్రం చెప్పిన రోజుల నుండి నేటి వరకు, ఈ విషయంలో పునీత తోమాసు అక్వినాసు కంటె స్పష్టంగా చెప్పినవారు నాకు కనిపించలేదు. కోపం దానంతట అది పాపం కాదంటాడాయన. బుద్ధి అదుపులో ఉండి న్యాయాన్ని కోరే కోపం మెచ్చదగినదే. కోపం రావలసిన చోట రాకపోవడం కూడా లోపమే! ఈ చివరి మాట మనం పిల్లలకు నేర్పడం మరచిపోయాం. కోపం నాలుగు విధాలుగా దారి తప్పుతుందని కూడా ఆయన చెప్పాడు. శిక్షకు తగనివాని మీద పడితే, తగినదానికంటె ఎక్కువ శిక్ష కోరితే, చట్టం ఏర్పరచిన పద్ధతిని కాదంటే, న్యాయం కోసం గాక మరి దేనికోసమో అయితే.

మొదటిది మనం రోజూ చూసేదే. ఆసుపత్రి గుమ్మంలో కూర్చున్న ఆరోగ్యమిత్ర, బీమా కౌంటరులోని అమ్మాయి, ఫోనులో పలికే కుర్రవాడు, మన తిట్లన్నీ వీరికే. నిర్ణయించే అధికారం వీరికి లేదు. నిర్ణయించే వారి గదికి మన గొంతు చేరదు గనుక దగ్గరున్న వారి మీద పడతాం.

మూడవదానికి అమెరికా నుండి ఒక ఘోరమైన ఉదాహరణ ఉంది. 2024 డిసెంబరు 4న న్యూయార్కులో యునైటెడ్ హెల్త్‌కేర్ అనే పెద్ద బీమా కంపెనీ ముఖ్యాధికారి బ్రయన్ థామ్సన్‌ను వీధిలో కాల్చి చంపారు. అంతకంటె కలచివేసేది ఏమిటంటే, ఎందరో దానికి సంతోషించారు. క్లెయిములు తిరస్కరించబడిన తమ వారి కథలు చెప్పుకుంటూ, తగిన శాస్తి జరిగిందన్నారు. అక్కడ పిల్లలున్న మన కుటుంబాలకు ఆ దేశపు వైద్య ఖర్చుల భయం తెలియనిది కాదు. ఆ కథలలో నిజం ఉండవచ్చు. అయినా భార్యాబిడ్డలున్న ఒక మనిషిని వెనుకనుండి కాల్చడం హత్యే. ఒక్కని చావుతో ఏ ఒక్క రోగి బిల్లూ తగ్గలేదు. అయితే, హత్యను ఖండించి అంతటితో పని అయిందనుకొని, ఆ జనం ఎందుకు అంతగా రగిలిపోయారో అడగని పెద్దమనుషులను చూస్తే నాకు అంతే చికాకు కలుగుతుంది.

ఇప్పుడు మన నాయకుల సంగతి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాలలో మొదలైంది. పేదల పిల్లలకు గుండె ఆపరేషన్లు జరగడం మన విచారణలలోనే చూశాం. ఆ మేలును కాదనేవాడు కృతఘ్నుడు. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారింది, కార్డు మీది బొమ్మ మారింది. పరిమితి కూడా పెరిగింది. 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలన్నది, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలన్నది. 2025లో ఏమైంది? బకాయిలు చెల్లించడం లేదంటూ రెండు రాష్ట్రాలలోను ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలను ఆపివేశాయి.

మంచి సమరయుని కథలో పూటకూళ్ళ ఇంటివాని గురించి మనం ప్రసంగాలలో ఎక్కువగా చెప్పం. సమరయుడు రెండు దెనారాలు చేతిలో పెట్టాడు, మిగిలినది తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. ఇంటివాడు నమ్మాడు. ఆ సమరయుడు ఇరవై దెనారాలు ఇస్తానని దారి పొడవునా చాటించుకొని, తిరిగి రాకపోయి ఉంటే? తరువాత దెబ్బలు తిని వచ్చిన వానిని ఆ ఇంటివాడు గడప ఎక్కనిస్తాడా?

1946లోనే భోర్ కమిటీ, డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోకూడదన్నది. 1963లో 23వ జాన్ పాపు గారు వైద్యాన్ని మనిషి హక్కులలో చేర్చారు. 2017 జాతీయ ఆరోగ్య విధానం, 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం దేశ ఉత్పత్తిలో 2.5 శాతం కావాలన్నది. 2021-22 లెక్కలలో అది 1.84 శాతమే. ఆ ఏడు దేశంలోని మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం ప్రజలు నేరుగా తమ జేబులోంచి పెట్టుకున్నారు. 2013-14లో అది 64.2 శాతం గనుక మెరుగుపడిన మాట నిజమే. కాని సగటు లెక్క తాకట్టులో ఉన్న ఇంటిని విడిపించదు.

మరి మన సంగతి? షుగరు ఉందని తెలిసీ దాచిపెట్టి పాలసీ తీసుకోవడం, అర్హత లేకపోయినా తెల్లకార్డు సంపాదించడం, "ఇన్సూరెన్సు ఉందా?" అని అడిగి మరీ బిల్లు పెంచే ఆసుపత్రితో కలిసిపోవడం. "వాళ్ళు మాత్రం మోసం చెయ్యడం లేదా?" అంటారు. బీమా సొమ్ము కంపెనీ యజమాని జేబులోది మాత్రమే కాదు. పదిమందీ పోసిన గాదె అది. అందులోంచి దొంగచాటుగా తీసినది పొరుగువాని గింజలే. మేస్త్రీ క్లెయిమును అనుమానంతో చూసే అలవాటు కంపెనీకి రావడంలో ఇటువంటి వారి పాత్ర కూడా కొంత ఉంది. అలాగని పాతిక వేల అబద్ధాన్నీ, వేల కుటుంబాలను ఒకే ఉత్తరంతో తిప్పి పంపడాన్నీ ఒకే త్రాసులో తూచమని నేను అనను.

న్యాయమైన కోపానికి పని కావాలి. 2024లో బీమా నియంత్రణ సంస్థ కొన్ని నియమాలు పెట్టింది. నగదు లేని చికిత్సకు అనుమతి అడిగితే గంటలోపు కంపెనీ జవాబు చెప్పాలి. డిశ్చార్జి సమయంలో మూడు గంటలలోపు తేల్చాలి. ఐదేళ్ళు వరుసగా ప్రీమియం కట్టినవారి క్లెయిమును, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న సాకుతో తిరస్కరించకూడదు. (మన మేస్త్రీకి ఒక్క ఏడాది తక్కువైంది!) తిరస్కరించినప్పుడు పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో రాసివ్వాలి. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఏడాది లోపల రాయాలి. చదువుకున్న మన యువకులు, విన్సెంట్ డి పాల్ సంఘ సభ్యులు ఆదివారం పూజ తరువాత ఒక గంట కూర్చుంటే ఇటువంటి ఉత్తరాలు రాసి పెట్టవచ్చు. ఓటు అడగడానికి వచ్చినవారిని కార్డు మీద ఎన్ని లక్షలని అడగకండి, ఆసుపత్రులకు ఎన్ని నెలల బకాయి ఉన్నదో అడగండి.

కొత్తగా పాలసీ తీసుకునేవారు దరఖాస్తు గళ్ళను ఏజెంటు చేత నింపించకుండా, ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకొని నింపండి. పాలసీతోపాటు దాని ముఖ్యాంశాలున్న ఒక సమాచార పత్రం ఇవ్వాలి. అది తెలుగులో కావాలని అడగండి. అడిగితే ఇవ్వాలన్నది నియమం.