బక్షీ ముఖానికి పూసిన రంగు

1968లో వచ్చిన 'ది పార్టీ'లో ఇంగ్లీషు నటుడు పీటర్ సెల్లర్స్ ముఖానికి గోధుమరంగు పూసుకుని హృండీ వి. బక్షీ అయ్యాడు. బక్షీ హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు వేసుకునే భారతీయుడు. షూటింగ్‌లో సెట్టు మొత్తం పేల్చేస్తాడు. స్టూడియో పెద్ద మండిపడి, వీడికిక పనివ్వకూడదని అతని పేరు ఏదో కాగితం మీద గీకుతాడు. తీరా అది ఆయన భార్య రాసుకున్న అతిథుల జాబితా! అలా విందుకు వచ్చిన బక్షీ బురదంటిన బూటు కడుక్కోబోతే అది నీళ్ళలో కొట్టుకుపోతుంది. అక్కణ్ణుంచి ఇల్లంతా అతలాకుతలం.

నిజానికి ఆ ఇంట్లో మర్యాదస్తుడంటే బక్షీయే. తాగి తూలే వెయిటరూ, అవకాశం ఎరచూపి ఆడపిల్ల మీద పడే నిర్మాతా తెల్లవాళ్ళే. మన దేశంలో ఈ సినిమాను ముద్దుగా తలుచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కించపరచాలన్న ఉద్దేశం లేనప్పుడు తప్పేముందని వాళ్ళు అడుగుతారు. కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదది. సత్యజిత్ రాయ్ అంతటివాడు 'ది ఏలియన్'లో మార్వాడీ వ్యాపారి వేషానికి అనుకున్నది ఈ సెల్లర్స్‌నే. ఆ సినిమా మాత్రం తెరకెక్కలేదు.

బక్షీ యాస అమెరికాలో ఇంకో చోట తేలింది. 'ది సింప్సన్స్' కార్టూన్‌లో కిరాణా కొట్టు నడిపే అపూ పేరు రాయ్ చిత్రత్రయం లోది. గొంతు హాంక్ అజారియాది. ఆ గొంతుకు సెల్లర్స్ బక్షీ స్ఫూర్తి అని అజారియాయే చెప్పాడు. న్యూయార్క్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన హాస్యనటుడు హరి కొండబోలు 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీ తీశాడు. సింప్సన్స్ అంటే అతనికి ప్రాణం. పేచీ అపూ ఒక్కడితోనే. తెర మీద కనబడే భారతీయుడు దాదాపు అతనొక్కడే అయినప్పుడు, బడిలో పిల్లలు ఏడిపించడానికి ఆ పేరూ ఆ యాసా చాలు. అజారియా 2020లో అపూకు గొంతివ్వడం మానేశాడు, మరుసటేడు క్షమాపణ కూడా చెప్పాడు.

ఇండియాలో ఉన్నవాళ్ళకు ఈ గొడవ అతిగా అనిపించడంలో వింత లేదు. హైదరాబాద్‌లో 'ది పార్టీ' చూసినవాడు హాలు దాటితే చుట్టూ తనలాంటివాళ్ళే. వాణ్ణి బక్షీ అని వెక్కిరించేవాడెవడు? దీన్ని సంస్కృతుల తేడా అంటుంటారు గానీ, నవ్వు ముగిశాక ఎవరు ఎక్కడ బతకాలన్న తేడాయే ఇందులో ఎక్కువ.

నవ్వాలంటే గుండె కాసేపు మొద్దుబారాలనీ, నవ్వు ఎప్పుడూ ఏదో ఒక గుంపుదేననీ ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ 1900లోనే రాశాడు. మన నాట్యశాస్త్రం హాస్యానికి కారణాల్లో వికృత వేషంతో పాటు అవయవ లోపం కంటబడటాన్నీ చేర్చింది. స్మితం నుంచి అతిహసితం దాకా నవ్వును ఆరు రకాలు చేసి, ఉత్తముడు ఎలా నవ్వుతాడో, అధముడు ఎలా నవ్వుతాడో విడమరిచింది. ఆ పట్టికంతా నవ్వేవాడి గురించే. నవ్వులపాలైనవాడికి అందులో గడి లేదు.

ఆ ఖాళీ గడి మన హాళ్ళలోనూ కనిపిస్తుంది. 2007లో శంకర్ 'శివాజీ' తమిళంతో పాటు తెలుగులోనూ ఆడింది. అందులో, తమిళంలో అంగవై, సంగవై అనే పేర్లున్న అక్కచెల్లెళ్ళ ముఖాలకు నల్లరంగు దట్టంగా పట్టించారు. వాళ్ళు తెర మీదికి రావడమే జోకు. ఆ పేర్లేమో తమిళుల సంగం సాహిత్యంలో పేరున్న పారి రాజు కూతుళ్ళవి. అదే సినిమాలో కథానాయకుడూ తెల్లబడాలని నానా తంటాలు పడతాడు, హాలు ఈలలేస్తుంది. రజనీకాంత్ నలుపు మీద ఎన్ని జోకులు పేల్చినా ఆయనకొచ్చే లోటేమీ లేదు, చివరికి అదీ స్టైలే అవుతుంది. ఆ అక్కచెల్లెళ్ళ ఛాయలో ఉండి, మర్నాడు పెళ్ళిచూపులకు కూర్చోవాల్సిన అమ్మాయికి ఆ వెసులుబాటు లేదు.