కవాటానికి కావలసిన ఎడం

ఇంగ్లాండులో థేమ్స్ నదీతీరాన ఉన్న అబింగ్‌డన్ పట్టణాన్ని పుట్టిల్లుగా చేసుకొని, 1962 నుంచి 1980 వరకు ఐదు లక్షలకు పైగా రూపొంది, నేటికీ అభిమానుల ఆలనాపాలనలో నడుస్తున్న ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు బానెట్ కింద, ఒకనాటి ఉదయం అంతకుముందు లేని టకటక శబ్దం మొదలైందనుకుందాం. భీరువు ఆ సడికి బెదిరి ఇంజనునంతటినీ విప్పించబూనుతాడు. అలసుడు రేడియో స్వరం పెంచి దానిని మరుగుపరుస్తాడు. వివేకి మాత్రం చెవి ఒగ్గి నిలుస్తాడు. శ్రవణమంటే గురుముఖతః వినడమేనని లోకం తలుస్తుంది గాని, తనలో పుట్టిన అపశ్రుతిని దాపరికం లేకుండా ఆలకించడం కూడా ఆ శ్రవణానికి పూర్వాంగమే. తన సడి తాను వినలేనివానికి గురువాక్యం సైతం చెవి దాటి లోపలికి దిగదు.

అయితే సడి పుట్టిన చోటు ఒకటి, వినబడే చోటు మరొకటి. నాలుగు సిలిండర్లను మోసే పోత ఇనుప దిమ్మె అంతా ప్రకంపనకు వాహకమే కనుక, వెనుక పుట్టిన శబ్దం ముందు ధ్వనిస్తుంది. జపాకుసుమ సాన్నిధ్యంలో స్ఫటికం ఎర్రబడినట్లు తోచడం ఎటువంటిదో ఇదీ అటువంటి అధ్యాసమే, ఎదుటివాని మాటలో పుట్టిందనిపించే కోపం నిజానికి తన అభిమానంలో పుట్టి ఉండడమూ ఇటువంటిదే. అందుకే అనుభవజ్ఞుడైన మెకానిక్ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను లోహానికి, పిడిని చెవికి ఆనించి ఒక్కొక్క చోటే వింటూ పోతాడు. ఒక్కొక్క స్పార్క్ ప్లగ్ తీగనే తప్పించి, ఏ సిలిండర్ మండడం మానినప్పుడు బరువైన మోత సన్నగిల్లుతుందో ఆ సిలిండర్ కనెక్టింగ్ రాడ్ బేరింగును శంకిస్తాడు. తర్కశాస్త్రం అన్వయవ్యతిరేకాలని పిలిచేది ఈ పరీక్షనే. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేలోగా కవాటాలను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక్క చుట్టే తిరుగుతుంది కనుక, ఆ సగం లయలో తేలికగా పలికే సడి పైనున్న కవాటాలది. పూర్తి లయలో, బరువు పడేకొద్దీ గంభీరమయ్యే మోత అడుగునున్న బేరింగుది. పైపొరలో పలికే చాంచల్యాన్ని, మూలంలో నాటుకున్న వాసనను వేరు చేసి గుర్తించనిదే ఏ సాధనకూ దిశ కుదరదు.

సడి కవాటానిదేనని తేలిన పిమ్మట చేయవలసిన పని స్వల్పంగా కనిపిస్తుంది. కవాటాన్ని నొక్కే రాకర్ కొసకూ కవాటపు కాడకూ నడుమ అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను మేరకు ఎడం ఉండాలి. అది పెరిగితే టకటక, తగ్గితే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి ఆశపడి ఎడాన్ని పూర్తిగా మూసివేసినవాడు ఇంజనును శాంతపరచినట్లు భ్రమించి దానిని దహించివేస్తాడు. వేడికి సాగిన కాడకు చోటు చాలక కవాటం తన పీఠం మీద పూర్తిగా కూర్చోలేకపోగా, మండిన వాయువులు ఆ సందుగుండా దూసుకుపోయి దాని అంచును కాల్చివేస్తాయి. మాట లేకపోవడమే మౌనమని, చలనం అణగిపోవడమే శాంతి అని తలచే సాధకుని గతి ఇంతే. ఇంద్రియానికీ విషయానికీ నడుమ, కర్మకూ కర్తృత్వానికీ నడుమ ఉండవలసిన ఆ సూక్ష్మమైన ఎడానికే అసంగమని పేరు. అది అతిగా పెరిగితే ఔదాసీన్యమై గలగలలాడుతుంది, మూసుకుపోతే సంగమై లోలోపల కాలుస్తుంది.

ఈ కొలతలోనూ ఒక మోసం పొంచి ఉంది. ఏళ్ల తరబడి తాకి తాకి రాకర్ కొసలో చిన్న గుంట పడితే, చదునైన ఫీలర్ గేజ్ రేకు ఆ గుంట లోతును తాకక దాని అంచుల మీదే ఆనుతుంది. కొలత సరిపోయిందని తోస్తుంది, సడి మాత్రం పోదు. జపసంఖ్య పూర్తయి, నియమాలన్నీ నెరవేరి, అయినా చిత్తంలో అలజడి శమించనప్పుడు తప్పు నియమంలో లేదు. నియమం తాకలేని గుంట ఎక్కడో పడి ఉంది. అక్కడ ఇంకా ఇంకా బిగించడం వల్ల ప్రయోజనం లేదు, అరిగిన కొసనే మార్చుకోవాలి.

ఇంతా చేసి సరిదిద్దిన ఇంజను కూడా మూగబోదు. సన్నని టకటక ఒకటి మిగిలే ఉంటుంది, ఉండాలి కూడా. అగ్నిజ్వాలలకు ఎదురునిలిచే కవాటం తన వేడిలో అధికభాగాన్ని విడిచేది పీఠం మీద కూర్చున్న ఆ లిప్తకాలంలోనే. అది పీఠాన్ని పూర్తిగా చేరుతున్నదనడానికి మిగిలిన ఆ సన్నని సడే సాక్ష్యం. నిమిషానికి వందలసార్లు లేస్తూ, లేచిన ప్రతిసారీ పీఠాన్ని చేరుతూ, చేరిన ప్రతిసారీ తాపాన్ని అప్పగిస్తూ సాగే ఆ కవాటానికి విశ్రాంతి పని ముగిసిన తరువాత దొరికేది కాదు, పని నడుమనే ఉన్నది.