అరువు అక్షరాలలో ఆరాధన



దోణిమలై వంటి గని ఊళ్లలో స్థిరపడిన మన సంఘములు ఒక ప్రశ్నను తప్పించుకొనలేవు. మన పిల్లలు ఇంట తెలుగు మాట్లాడుతారు, బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు ప్రసంగము వింటే అర్థమవుతుంది, కీర్తనల పుస్తకము తెరిస్తే అక్షరము తెలియదు. వారి కొరకు మన కీర్తనలను ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి ఇవ్వవచ్చునా? అది ప్రేమయా, లేక మన బద్ధకమునకు వేసిన ముసుగా?

ఈ ప్రశ్న మనతో పుట్టలేదు. 1835లో శామ్యూల్ డే గారిని తెలుగువారి యొద్దకు పంపిన అమెరికన్ బాప్టిస్టు మిషనే, బ్యాంకాక్‌లోని చైనా వలసదారుల మధ్య కూడ పని చేసినది. 1837లో విలియం డీన్ గారు అక్కడ సంఘము స్థాపించారు. ఆ ప్రజలలో అనేకుల భాష తియోచ్యూ. వేల కొలది చైనా గుర్తులు నేర్చుట పేదలకు అసాధ్యము. పైగా వారి వాడుక మాటలలో కొన్నింటికి స్థిరమైన గుర్తులే లేవు. అందుచేత వారి స్వగ్రామ ప్రాంతమైన స్వాతౌలో 1875లో ప్రెస్బిటేరియన్ మిషనరీలు గిబ్సన్, డఫస్ గార్లు ఆ భాషను రోమన్ అక్షరములలో వ్రాసే పద్ధతి తెచ్చారు. బాప్టిస్టు మిషనరీ అడిల్ ఫీల్డ్ గారు 1883లో రోమన్ ఉచ్చారణతో నిఘంటువు అచ్చువేయించారు. 1960లో గ్వాంగ్‌డాంగ్ ప్రభుత్వము మరొక పద్ధతి ప్రకటించినది. ఇట్లు ఒకే మాటకు పలు వ్రాతలు ఏర్పడినవి.

వారికి రోమన్ అక్షరము లాభము. మనకో? మన లిపి మన నోటి పలుకునంతటిని పట్టగలదు. ఎమ్, ఏ, టీ, ఏ అను నాలుగు ఇంగ్లీషు అక్షరములు గుర్తులు లేకుండ వ్రాస్తే అది మాటయా, మాతయా తెలియదు. వాక్యమును గూర్చి పాడవలసిన బిడ్డ మరొకటి పాడును. దీర్ఘమునకు పైన గీత, ట, డ, ణ, ళలకు క్రింద చుక్క పెట్టే పద్ధతి ఉన్నది. అది వాడితే ఈ చిక్కు తీరును.

అయితే దోణిమలైలో ఇంతకంటె దగ్గర దారి ఉన్నది. తెలుగు, కన్నడ లిపులు ఒక్క తల్లి బిడ్డలు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమునకు, ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రకు చెందినప్పుడు గీత నేల మీద పడినది గాని నాలుక మీద పడలేదు. కన్నడ అక్షరములలో వ్రాసిన తెలుగు కీర్తనలో హ్రస్వదీర్ఘములు చెడవు. కన్నడము చదివే బిడ్డకు తలకట్టులు, మరికొన్ని అక్షరముల భేదము చూపితే తెలుగు చదువు కొద్ది వారముల పని.

లిపి పరిశుద్ధమైనది కాదు. సిలువపై ప్రకటన మూడు భాషలలో ఉండెను (యోహాను 19:20). చెర తరువాత యూదులు పాత హెబ్రీ లిపిని క్రమముగా విడిచి అరామిక్ అక్షరములను స్వీకరించారు. ధర్మశాస్త్రము నశించలేదు, ఏలయనగా శాస్త్రులు దానిని కొత్త లిపిలోనికి ఎత్తి వ్రాశారు. ఆ కష్టము ఎవరో భరించారు. ప్రేమను బద్ధకము నుండి వేరుచేసే గీటురాయి ఇదే. కీర్తనలు కొన్ని ఎత్తి వ్రాయగలము, తెలుగు బైబిలు అంతటిని ఎవరు వ్రాయుదురు?

కన్నడ బైబిలు చదివి బిడ్డ రక్షణ పొందగలడు, ఇందులో సందేహము లేదు. అయితే తల్లి చదివే గ్రంథమును బిడ్డ చదవలేని ఇంట కుటుంబ ప్రార్థనలో ఎవరి పుస్తకము వారిదగును. మరొకవైపు, అర్థము తెలియనివాడు ఆమేన్ ఎట్లు పలుకునని పౌలు అడిగెను (1 కొరింథీ 14:16). అక్షరము నేర్చువరకు బిడ్డను పాటకు వెలుపల నిలబెట్టుటయు న్యాయము కాదు.

కాబట్టి మన సలహా ఇది. ఎడమ ప్రక్క తెలుగు, కుడి ప్రక్క కన్నడము గాని, గుర్తులతో రోమన్ గాని ఉంచుదము. అన్ని సంఘములు ఒకే పద్ధతి పాటించవలెను. సెలవుల బైబిలు పాఠశాలలో ప్రతి దినము అరగంట వర్ణమాలకు ఇవ్వవలెను. ఊతకర్ర ఇచ్చిన చేయియే నడక కూడ నేర్పవలెను. పెద్దలము ఆ అరగంట ఇవ్వలేకపోతే, పిల్లలకు తెలుగు మీద ప్రేమ లేదని నిందించే హక్కు మనకు లేదు.

ప్రభువు మనకు వివేకమును, ఓపికను అనుగ్రహించునుగాక. ఆమేన్.