దాహమెరిగిన దానము

గృహాలంకరణమునకై మనము చేయు పనులలో పెక్కు కంటితో మొదలై కంటితోనే ముగియును. లోతు లేని గాజు పాత్రలో నాలుగైదు జాతుల కాక్టస్ మొక్కలను కూర్చి నాటుట మాత్రము, చూపునకు అలంకారమే యైనను, చేతులు మట్టిలో నున్నంతసేపును మనస్సును ఒక ప్రశ్న చుట్టు త్రిప్పుచుండును: మనము ప్రేమతో ఇయ్యదలచినది ఎంత, పుచ్చుకొనువానికి నిజముగా కావలసినది ఎంత, ఈ రెంటి నడుమ నున్న అంతరమును ఎరుగగల వివేకము మనకు కలదా?

మట్టికుండీకి అడుగున ఒక రంధ్రముండును. తోటపని తెలియని చేయి కడవెడు నీరు క్రుమ్మరించినను, ఆ రంధ్రము అధికమైన దానిని బయటికి పంపి మన అవివేకమును సరిదిద్దును. కుండీ గోడలు సైతము తేమను పీల్చి గాలికి విడుచును. గాజు పాత్రకు ఆ రెండు గుణములును లేవు. అడుగున గులకరాళ్లు పరచినచో నీరంతయు వానిలోనికి దిగి వేళ్లకు అపాయము తప్పునని పలువురు విశ్వసింతురు గాని, పైనున్న సన్నని మట్టి పూర్తిగా నానువరకు నీరు క్రింది ముతక పొరలోనికి దిగనే దిగదు. దిగినదియు పాత్రను విడిచి పోజాలదు. మొక్క త్రాగినది పోగా మిగిలినదంతయు పైనుండి ఆవిరి కావలసినదే. కనుక అట్టి పాత్రలో పోసిన ప్రతి చెంచా నీరును మరలింపరాని దానము. కుండీలో రంధ్రము నిర్వహించు ధర్మమును ఇచట పోయువాని విచక్షణయే నిర్వహింపవలెను.

నాటు విధానమే ఆ విచక్షణకు మొదటి పాఠము. ముతక ఇసుక సగమును, జల్లించిన ఎర్రమట్టి, కొద్దిపాటి ఆకుఎరువు తక్కిన సగమును కలిపిన మిశ్రమము పొడిగా నుండవలెను. నర్సరీనుండి వచ్చిన మొక్క వేళ్లను అంటియున్న కొబ్బరిపొట్టు నీటిని చిరకాలము పట్టియుంచునది గనుక దానిని మెల్లగా విదల్చి తీసివేయవలెను. వార్తాపత్రికను పట్టీగా మడిచి మొక్క నడుమునకు చుట్టి ఎత్తినచో ముండ్లు చేతికి తగులవు. పొడవైన ముండ్లు లేక, పసుపుపచ్చని మెత్తని చుక్కలతో ముద్దు గొలుపుచుండు చిన్న నాగజెముడు జాతి యొకటి కలదు. ఆ చుక్క ఒక్కొక్కటియు, వెనుదిరిగిన మొనలు గల, కంటికి కానరాని నూగుముండ్ల గుత్తి. ఒక్కమారు వ్రేలికి అంటినచో దీపపు వెలుతురున వెదకినను దొరకక దినమంతయు తమ ఉనికిని తెలుపుచుండును. తెగిన వేళ్లు కొన్ని దినములు నీడలో ఆరి, గాయము మానిన పిమ్మటనే పొడిమట్టిలో కుదురవలెను. నాటిన పిదప వారము దినములవరకు నీరు పోయరాదు. మొక్క నాటిన తక్షణమే చెంబుతో నీరు పోయుట ఆచారముగా గల మన చేతులకు ఈ నిరీక్షణము కఠినమైనదే. కాని పచ్చిగాయమునకు తడి తగిలినచో క్రుళ్లు ప్రవేశించును.

ఇంతటి నియమము ఎందులకని అడిగినవారికి ఆ మొక్క దేహమే సమాధానము. తక్కిన వృక్షములు ఆకుల ద్వారమున తేమను వెచ్చించుచుండగా, ఇది ఆకులను ముండ్లుగా మార్చుకొని, పచ్చదనమును నీటినిల్వను కాండమునందే ఇముడ్చుకొన్నది. పగటి ఎండలో శ్వాసరంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడిన పిమ్మట తెరచి, గ్రహించిన బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లముగా మార్చి దాచి, మరునాటి వెలుతురులో దానితో ఆహారమును సిద్ధపరచుకొనును. దీనిని దారిద్ర్యమని జాలిపడరాదు. ఇది అల్పముతో పరిపూర్ణముగా జీవించు విద్య. ఆ విద్యను గౌరవింపని దయ దానికి శత్రువు. దప్పిగొన్న కాక్టస్ ముడుతలు పడి కుంచించుకొనును. గుక్కెడు నీటితో కొలది దినములలో పూర్వపు పుష్టిని మరల పొందును. నీరు మిక్కుటమైనది మాత్రము పైకి పచ్చగానే కనబడుచు, మొదలు మెత్తబడి, మనము గుర్తించునప్పటికి రక్షింపరానిదై యుండును. కొరతకు చికిత్స కలదు. అతికి చాలసార్లు లేదు.

పలు జాతులను ఒకచోట చేర్చుటలో ఇంకొక సత్యము గోచరించును. మెక్సికోలోని కెరెతారో, హిదాల్గో ప్రాంతముల రాతినేలలయందు పుట్టిన బంగారు ముండ్ల గోళ కాక్టసును, బ్రెజిల్ తూర్పుతీరపు కొండ అడవులలో చెట్లకొమ్మలమీదను రాళ్లమీదను పెరుగు క్రిస్మస్ కాక్టసును వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఒకే కుటుంబమువి. ఐనను ఒకదానికి ప్రియమైన ఎండ రెండవదానిని మాడ్చును. రెండవదానికి ప్రియమైన తడి మొదటిదానిని చంపును. ఆఫ్రికాలో పుట్టి, గిల్లినచో పాలు కారు జెముడు జాతులు పూర్తిగా వేరొక కుటుంబమునకు చెందినవయ్యు, వానిలో పెక్కు అమెరికా కాక్టసుల చెంత సుఖముగా నుండును. సహజీవనమునకు వంశసామ్యము కన్న దాహసామ్యమే ఆధారము. సోనోరా ఎడారిలో 40 అడుగులకు పైగా ఎదిగి నూరేండ్లు దాటి జీవించు సాగ్వారో అను కాక్టసు సైతము సాధారణముగా తన శైశవమును పాలోవెర్దె వంటి చెట్టు నీడలో గడపును. ఆ చెట్టు దానికి మండుటెండనుండియు రాత్రి మంచునుండియు కాపాడు నీడను ఇచ్చును. ఆ వయస్సున దానికి ముఖ్యముగా కావలసినదియు అదియే.

గాజును నిందించుటయు తగదు. లండనులో వైద్యుడైన నథానియేల్ వార్డ్, మూసిన గాజు పాత్రలో ఫెర్న్ మొక్క నీరు పోయకయే చిరకాలము జీవించుట గమనించి, 1842లో ఆ విషయమై గ్రంథము ప్రకటించెను. ఆయన గాజుపెట్టెలలో మొక్కలు సముద్రములు దాటి దేశాంతరములు చేరినవి. ఫెర్నునకు ప్రాణరక్షణమైన ఆ బంధితమైన తేమయే కాక్టసునకు ప్రాణాంతకము. దానము మంచిదో చెడ్డదో ఇచ్చు వస్తువును చూచి తేల్చరాదు. పుచ్చుకొను ప్రాణమును చూచి తేల్చవలెను.

మన తెలుగిండ్లలో ప్రేమకు కొలమానము కొసరి వడ్డించుట. అతిథి విస్తరిమీద చేయి అడ్డము పెట్టి చాలుననుటయు, వడ్డించువారు ఆ వ్రేళ్ల సందునుండియే మరొక గరిటె జారవిడుచుటయు మనకు పరమ మర్యాద. ఆ ఆదరణమును నేను తక్కువ చేయను, దానితోనే పెరిగినవాడను. కాని ఆ అతిథి మిగిలినదానిని విస్తరిలో విడిచి లేవగలడు. అట్లు విడువలేనివారు కొందరు కలరు: తండ్రి ఆశలనన్నిటిని మోయవలసిన బిడ్డ, గురువు ఉపదేశమునకు ఎదురాడలేని శిష్యుడు, సంతానము పంచన జేరి వారి ఆదుర్దానంతయు భరించు వృద్ధుడు. వారిమీద మనము కురిపించు హితబోధయు ఉపకారమును బయటికి పోవు దారి లేక వేళ్లయొద్దనే నిలిచియుండును. పైకి వారు పచ్చగానే కనబడుదురు. అట్టివారి విషయమున చేయి నిలుపుటయే పోషణము. ఆ నిలుపుట నిర్లక్ష్యము కాదు. ప్రతిదినమును దగ్గరనుండి చూచుచు, అవసరము తెలిసిన నాడు తప్పక ఇచ్చుటకు సిద్ధముగా నుండుట.

పాఠకమహాశయులారా, కాక్టస్ పాత్రను ఇంట నుంచుకొనదలచినచో దానిని మూయక, వెలుతురు గల కిటికీ చెంత, గాజు కాగిపోవు మధ్యాహ్నపుటెండకు ఎడముగా ఉంచుడు. వారమునకిన్ని మారులని నియమము పెట్టుకొని నీరు పోయకుడు. రాయలసీమ వేసవికి చెల్లిన లెక్క కోస్తా ముసురునకు చెల్లదు. సన్నని వెదురుపుల్లను అడుగువరకు గ్రుచ్చి, కొంతసేపాగి తీసి చూడుడు. తడి అంటినచో చెంబును పక్కన పెట్టుడు, పొడిగా వచ్చినచో రెండు మూడు చెంచాలు వేళ్ల చెంత పోయుడు. మనుష్యులయెడ మీ ప్రేమ ఉప్పొంగిన నాడు, ఇచ్చుటకు ముందు ఏమి కావలెనో, ఎంత కావలెనో వారిని అడుగుడు. వారు చాలునన్నచో నమ్ముడు.