ఆమె భయాన్ని ఎవరు నమ్మాలి?

భయపడటానికి డబ్బులిచ్చి టికెట్ కొనుక్కోవడం వింత పనే. తెరమీద ఆ భయాన్ని మోసేది చాలాసార్లు ఓ స్త్రీ. ఆమె చీకట్లో మెట్లెక్కుతుంటే, తలుపు గడియ మీద చెయ్యి వేస్తుంటే మనం ఊపిరి బిగబట్టి చూస్తుంటాం. ఒక స్త్రీ భయం మనకి వినోదంగా ఎలా మారింది? సస్పెన్స్ బాగా పండిందని ఓ హారర్ సినిమాని మెచ్చుకునేటప్పుడు అందులో దేన్ని మెచ్చుకుంటున్నాం? ఈ రెండు ప్రశ్నల్నీ కలిపే ఆలోచించాలని నాకనిపిస్తుంది.

సస్పెన్స్ ప్రస్తావన వస్తే అందరూ ముందు హిచ్‌కాక్‌నే తలుచుకుంటారు. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో జరిపిన సంభాషణల్లో ఆయన ఓ ఉదాహరణ ఇచ్చాడు. బల్ల కింద బాంబు ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా అది పేలితే మనకి 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని మనకి ముందే తెలిసి, బల్ల దగ్గర కబుర్లాడుకునే వాళ్లకి తెలియకపోతే 15 నిమిషాల ఉత్కంఠ. ఏ విషయం ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నదాని మీదే సస్పెన్స్ నడుస్తుందన్నమాట.

సూత్రం నిజమే. కానీ దీని ప్రకారం అన్నీ తెలిసినవాళ్లం మనం, ఏమీ తెలియని అమాయకురాలు ఆమె. హంతకుడికి తెలిసినదే మనకీ తెలుసు. 1978 నాటి 'హాలోవీన్' మొదట్లో కెమెరా హంతకుడి కళ్లతోనే ఇంట్లోకి నడుస్తుంది. ముసుగు కన్నాల్లోంచి ఆ అమ్మాయిని వాడితోపాటు మనమూ చూస్తాం. సినిమాలో చూపు పురుషుడిదిగా, చూడబడేది స్త్రీగా ఉంటుందని లారా మల్వీ 1975లో చేసిన విమర్శకి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు. అయితే ఇలాంటి సినిమాల్లో చివరికి బతికి బయటపడే అమ్మాయితో మగ ప్రేక్షకులు కూడా తాదాత్మ్యం చెందుతారని కేరల్ క్లోవర్ 1992లో వాదించింది. ఆ మాటలోనూ నిజముంది. చూపు ఒకచోటే కట్టుబడి ఉండదు. కాబట్టి సినిమా మనల్ని ఎవరి పక్కన కూర్చోబెడుతోందని ప్రతిసారీ అడగాల్సిందే.

1968లో వచ్చిన 'రోజ్‌మేరీస్ బేబీ'లో ఈ లెక్క తిరగబడుతుంది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఐరా లెవిన్ నవల దీనికి ఆధారం. న్యూయార్క్‌లో ఓ పాత భవనంలోకి కాపురానికొచ్చిన రోజ్‌మేరీకి ఏం తెలుస్తుందో మనకీ దాదాపు అంతే తెలుస్తుంది. పక్కింటావిడ పంపిన చాక్లెట్ మూస్ రుచి ఆమెకి తేడాగా అనిపిస్తుంది. తినమని భర్త విసుక్కుంటాడు. కొంచెం తిని, మిగతాది దాచేస్తుంది. ఆ రాత్రి పీడకలలాంటిదేదో జరుగుతుంది. తెల్లారి ఒంటిమీద గీరుకుపోయిన గుర్తులు. నువ్వు స్పృహలో లేకపోయినా పిల్లల కోసం అనుకున్న రాత్రి వదులుకోవడం ఇష్టం లేకపోయిందని భర్త తేలిగ్గా చెప్పేస్తాడు. ఆ సినిమాలో అసలు భయంకరమైన దృశ్యం నాకు ఇదే. సైతాను పని అని తర్వాత తెలిసేదాన్ని దాచడానికి భర్త చెప్పిన అబద్ధం చూడండి: స్పృహలేని భార్యతో నేనే గడిపాను. దాన్ని నేరమని ఎవరూ అనరని అతనికి నమ్మకం. ఆ నమ్మకం అమెరికాది మాత్రమే కాదు, అప్పటిది మాత్రమే కాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన మన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ కూడా, భార్యకి పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే, భర్త బలవంతాన్ని అత్యాచారం నిర్వచనం నుంచి మినహాయించింది.

ఆ తర్వాత నెలల తరబడి కడుపునొప్పి. పుస్తకాలు చదవొద్దు, స్నేహితుల మాటలు వినొద్దంటాడు పేరున్న డాక్టరు. చివరికి ఆమె ప్రాణం అరచేతిలో పెట్టుకుని మొదట చూపించుకున్న కుర్ర డాక్టరు దగ్గరికి పారిపోతుంది. అతను ఓపిగ్గా వింటాడు, పడుకోమంటాడు. ఆమె కళ్లు మూతలు పడతాయి. తలుపు తెరుచుకునేసరికి భర్తా, ఆ పెద్ద డాక్టరూ నిలబడి ఉంటారు.

ఎం.ఏ. విద్యార్థులకి ఈ సినిమా చూపించినప్పుడు కొందరబ్బాయిలు దెయ్యం ఎప్పుడొస్తుందని అడిగారు. ఈ దృశ్యం దగ్గర ఓ అమ్మాయి, "అతను వాళ్లాయనకి ఫోన్ చేస్తాడని నాకు ముందే తెలుసు మేడమ్" అంది. ఎలా తెలుసని నేను అడగలేదు. మిగతా అమ్మాయిలూ అడగలేదు. బల్ల కింద బాంబు సంగతి ఆ అమ్మాయికి దర్శకుడు చెప్పలేదు. బతుకే చెప్పింది.

మన సినిమాల్లో దెయ్యం పట్టిన అమ్మాయికి ఓ పక్క డాక్టరు, ఇంకో పక్క మాంత్రికుడు. రేవతి నటించిన 'రాత్రి' (1992) చూసినవాళ్లకి ఆ లాగులాట గుర్తుండే ఉంటుంది. ఆమెకి ఏమైందో వాళ్లే తేల్చాలి. ఆమె చెప్పేదాన్ని రోగలక్షణంగానో దెయ్యం మాటగానో వింటారు తప్ప సాక్ష్యంగా వినరు. రోజ్‌మేరీ కథలో గొప్పతనం, ఆమె మాట సాక్ష్యమేనని చివరికి రుజువు కావడం. ఆ రుజువుతో చేయగలిగింది ఏమీ మిగలకపోవడం అందులోని భయం.

ఇక్కడ ఓ ఇబ్బందికరమైన సంగతి దాటెయ్యకూడదు. ఈ సినిమా తీసిన రోమన్ పొలాన్‌స్కీ 1977లో ఓ మైనర్ బాలికపై లైంగిక నేరాన్ని కోర్టులో ఒప్పుకుని, మరుసటి ఏడాది 1978లో శిక్ష పడకముందే అమెరికా వదిలి పారిపోయాడు. నమ్మకం దొరకని స్త్రీ భయాన్ని అంత బాగా తెరకెక్కించినవాడు ఓ బాలికని ఆ స్థితిలోకి నెట్టాడు. భయం ఎలా పనిచేస్తుందో తెలియడం వేరు, భయపడే మనిషి పక్షాన ఉండటం వేరు. మొదటిది నైపుణ్యం. రెండోది నీతి. మంచి హారర్‌కి మొదటిది చాలు. అందుకే సినిమా ఎంత బాగున్నా ఆ రెండోదాని బాధ్యత దానికి అప్పగించలేం. చూసేవాళ్లమే మోయాలి.

అందుకే ఆ సినిమాలో నేను మళ్లీమళ్లీ చూసేది వంటింటి దృశ్యం. పార్టీకి వచ్చిన స్నేహితురాళ్లు పాలిపోయిన రోజ్‌మేరీని వంటింట్లోకి తీసుకెళతారు. భర్తని లోపలికి రానివ్వరు. ఆమె ఏడుస్తూ నొప్పి సంగతి చెబుతుంది. అలాంటి నొప్పి మంచిది కాదు, వేరే డాక్టరుకి చూపించుకోమంటారు. సినిమా మొత్తంలో స్త్రీలు ఆమె మాట విని నమ్మింది అక్కడే. ఆ రాత్రే నొప్పి దానంతటదే ఆగిపోతుంది. ఇక వేరే డాక్టరు అవసరం లేదనుకుంటుంది. ఆ స్నేహితురాళ్లు మళ్లీ ఆ ఇంట్లో కనిపించరు.