వాకిటి ఋణము



గత వేసవిలో ఒకనాడు మఠమున ప్రవచనము ముగిసిన పిమ్మట ఒక రైతు నాకొరకు వేచియుండెను. ఆదోని ప్రాంతమున మెట్టపొలము సేద్యము చేసికొను లింగవంతుడు. అందరును వెడలినదాక ఆగి, తల వంచుకొని, "స్వామీ, అడుగుటకు సిగ్గుగా నున్నది. మా యింటి కుక్క సంగతి" అనెను.

ఆ కుక్కకు పదుమూడేండ్లు. కూనగా నున్నప్పుడు ఆయన తండ్రి యొక గొఱ్ఱెలకాపరి వద్ద నడిగి, కంబళి మడతలో నుంచుకొని తెచ్చెనట. నాటినుండి కళ్లములో వేరుసెనగ రాశులకు అది కావలి. రాత్రివేళ చేనిలో పడు అడవిపందులకు అది యెదురు. తండ్రి లింగైక్యము నొందిన పిదప మూడు దినములు సమాధిచెంత నుండి లేవలేదట. నేడు దాని కన్నులకు పొరలు గమ్మినవి. వెనుకకాళ్లు లేవవు. పడిన చోటనే మలమూత్రములు విడుచును. కోడలు దినమునకు నాలుగుమారులు వాకిలి కడుగవలసి వచ్చుచున్నది.

"పెద్దకొడుకు గోనెసంచిలో వేసి దూరపు సంతలో విడిచివత్తు ననుచున్నాడు. పొరుగువారు పత్తిచేనికి కొట్టు మందు ముద్దలో కలిపి పెట్టు మనుచున్నారు. పశువుల డాక్టరు చూచి, మూత్రపిండములు చెడినవి, ఇక తిరుగదు, నొప్పి పెరుగును, సమ్మతించినచో సూది వేయుదు ననుచున్నాడు. స్వామీ, ఈ మూడింటిలో ఏది పాపము? ఏది కాదు?"

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. కుక్క మాట యేమని కొందరు నవ్వవచ్చును. ఆ రైతు అడిగినది కుక్కను గూర్చి మాత్రమే కాదు. మనకు పనికివచ్చినంతకాలము మనదైన ప్రాణి, పనికిరాని నాడు ఎవరిది? ఇదియే ఆయన ప్రశ్న. ఈ ప్రశ్న ప్రతి గృహస్థుని వాకిటను ఏదో యొకనాడు నిలుచును.

బసవేశ్వరుడు పన్నెండవ శతాబ్దమున కల్యాణమున మనకు రెండు మార్గములు చూపెను. ఒకటి కాయకము, రెండవది దాసోహము. ఒడలు వంచి పనిచేయుట కాయకము. ఆ పని ఫలమును నాది యనక పంచుట దాసోహము. ఆ రైతు కుక్క పదుమూడేండ్లు కాయకము చేసినది. కూలి యడుగలేదు, సెలవు కోరలేదు. ఒక రొట్టెముక్కతో తృప్తి నొంది యిల్లు గాచినది. దాని కాయకము ముగిసినది. సరిగా ఆచ్చటనే మన దాసోహము మొదలగుచున్నది. తిరిగి యేమియు నీయలేని దానికి పెట్టునదే దాసోహము గాని, రేపటి కావలికై నేడు వేయు ముద్ద దాసోహము కాదు. అది జీతము.

"కుక్క నీచజంతువు గదా, శివాచారముగల యింట దానికింత మన్నన యేల?" యని యెవరైన నందురేమో. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణమున కల్లిదేవయ్య కథ చెప్పెను. వేదము పలుకుటకు తగినవా రెవరు, తగనివా రెవరు అను వాదము పుట్టగా, ఆ భక్తుడు తన వాకిటి కుక్కచేతనే వేదము పలికించెను. ఏ ప్రాణిని నీచమని గడప బయట నిలిపితిమో, దాని నోటనే పరమేశ్వరుడు పలికె నన్న మాట. మైలారలింగని గొలుచు గొరవయ్యలు మన సీమ యూళ్లకు వచ్చుట మీ రెరుగుదురు. కంబళి దాల్చి, డమరుకము మ్రోగించు ఆ భక్తులు తమ్ము దాము ఆ స్వామి కుక్కలమని చెప్పికొందురు. భక్తుడు కోరి ధరించిన పేరు నీచమెట్లగును?

ఇంకొక నిదర్శనము శిలపై నున్నది. కన్నడదేశమున నేటి మండ్య జిల్లాలో ఆతకూరను గ్రామము కలదు. క్రీ.శ. 949–50 నాటి శాసన మొకటి అచ్చట లభించినది. తక్కోలపు యుద్ధమున పరాక్రమము చూపిన మణలేరుడను వీరుని గంగరాజు బూతుగుడు మెచ్చి, ఏమి కావలెనో కోరుకొమ్మనెను. ఆ వీరుడు రాజు వేటకుక్కను కోరెను. దాని పేరు కాళి. పిమ్మట ఆ కుక్క యొక పెద్ద అడవిపందితో పోరాడగా రెండును మరణించినవి. మణలేరుడు చల్లేశ్వరాలయము నెదుట రాయి నిలిపి, భూమి దానము చేసెను. ఆ భూమి ననుభవించు గొరవడు ఆ రాతికి పూజచేయక భుజింపరాదని శాసనము. శివాలయపు ముంగిట ఒక కుక్కకు ఋణము తీర్చుకొన్న ఆ రాయి నేడు బెంగుళూరు మ్యూజియములో నున్నది. రాజుల పేర్ల నడుమ కాళి పేరును వేయేండ్లకు పైగా నిలిచినది.

కరవుసీమలో మనుష్యులకే కూడు లేనప్పుడు కుక్కకు సేవ యేమి అని మరి కొందరందురు. 1876–78 నాటి ధాత కరవున కర్నూలు, కడప సీమలలో తల్లి బిడ్డకు పెట్టలేని దినములు వచ్చినవి. అట్టి నాడు ఎవరిని ఎవరు తప్పుపట్టగలరు? కాని నేడు మన యింట పొయ్యి వెలుగుచున్నది. మజ్జిగలో నానబెట్టిన జొన్నరొట్టె, గిన్నెడు నీళ్లు, చూరునీడను ఒక గోనెపట్ట. పండ్లూడిన కుక్కకు కావలసిన దింతియే. ఇంతమాత్రము చేయలేని దారిద్ర్యము చేతిది కాదు, మనస్సుది.

ఇక ఆ రైతుతో నేను చెప్పిన బదులు వినుడు.

సంతలో విడుచుట పాపము. కన్ను కనబడని ప్రాణికి వాసనయు, పిలుపును మాత్రమే దిక్కు. ఆ రెండును లేని చోట దానిని పడవేయుట చంపుటకంటె క్రూరము. 1960 నాటి జంతుహింస నివారణ చట్టము కూడ ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుటను నేరముగా నెంచినది. చేనిమందు పెట్టుట అంతకంటె ఘోరము. జీవితమంతయు నమ్మి తిన్న చేతినుండియే విషము తినిపించుట విశ్వాసఘాతుకము.

మూడవదానిని గూర్చి నే నాయనను తిరిగి యడిగితిని: "ఆ సూది ఎవరి బాధ తీర్చుటకు? వాకిలి కడుగు మీ బాధకా, లేవలేని దాని బాధకా?" వాకిలి కడుగు శ్రమకు జడిసినచో అది హత్యయే. నయముకాని నొప్పితో అది మూల్గుచు, తిండినీళ్లు మాని, ఊపిరికై పెనగులాడుచున్నప్పుడు, వైద్యుడు చూచి ఇక మార్గము లేదన్నచో, ఆ నొప్పి నాపుట దయకు విరుద్ధము కాదని నా మనస్సునకు తోచినది. దయను ధర్మపు వేరుగా చూపిన బసవన్న మన యుద్దేశము నడుగును గాని సూదిని కాదు. అందుచేత త్వరపడవలదంటిని. తినుచున్నంతకాలము, పిలిచిన తోక కదలించుచున్నంతకాలము అది బ్రతుకవలెననియే కోరుచున్నది. అదివరకు వాకిలి కడుగుడు. కోడలి కొక్కతెకే ఆ పని విడువక కొడుకులును కడుగవలెను.

ఆ గడియ వచ్చినచో దాని నొంటరిగా నుంచవలదంటిని. వైద్యుని మందు మొదట నిద్ర దెచ్చును, పిమ్మట శ్వాస నాపును. కన్ను మూయు వరకు ఇంటివారి చేయి దాని తలపై నుండవలెను. పిల్లలతో కుక్క ఎక్కడికో పారిపోయినదని బొంకవలదు. వారును వచ్చి నిమిరి సెలవు తీసికొందురు గాక. మృత్యువును ప్రేమతో సాగనంపుట పిల్లలు నేర్చుకొనుటకు ఇంతకంటె మంచి బడి లేదు. మన పెద్దలను భూమియందే సమాధి చేయుదుము. దీనిని కూడ మన చేనిగట్టుననే నాలుగడుగుల లోతున పూడ్చవలెను. ఆ మందు కళేబరమున నిలిచియుండును; నక్కలు త్రవ్వి తిన్నచో వానికిని ప్రాణహాని. ఒకరిపై దయ మరొకరికి విషము కారాదు.

రెండు నెలలు గడచిన పిమ్మట ఆ రైతు మరల వచ్చెను. సూది యవసరము రాలేదట. తొలకరి వానపడిన రాత్రి, చూరుక్రింద గోనెపట్టమీద, నిద్రలోనే పోయినది. తుదివారమంతయు సంతలో విడుతునన్న పెద్దకొడుకే వాకిలి కడిగి, రొట్టె నానబెట్టి, చేతితో తినిపించెనట. గుంటయు వాడే త్రవ్వెనట.

"స్వామీ, కుక్క పోయినది గాని మా వాడు నాకు దొరికినాడు" అనెను ఆ తండ్రి. కొంత తడవు ఊరకుండి, "నేనును ముసలివాడ నగుచున్నాను గదా" అని మెల్లగా నవ్వెను.

శరణులారా! మన వాకిట పడియున్న ముసలిప్రాణి వంక ఈ రాత్రి ఒకమారు చూడుడు. దాని గిన్నెలో నీళ్లున్నవా? ఇంటిలోని పసివారు మనము చేయునది చూచుచున్నారు. రేపు మన కాళ్లు లేవని నాడు వారు మనకు చేయునదియు అదియే.

శివార్పణమస్తు.